రెండు కాజాల ఆలస్యం

పెద్ద డాక్టరమ్మ చేతిలో సూదితో నిలబడి ఉంది. ఆవిడ ఎదురుగా మంచం మీద ఊపిరందక పెదాలు నల్లబడుతున్న ఇరవై నాలుగేళ్ళ పంతులమ్మ. పొద్దున తొమ్మిదింటికి క్లాసులో హాజరు పిలుస్తూ పిలుస్తూ సగం పేర్ల దగ్గర ఆగిపోయి కుర్చీలో కూలబడిందట. బడివాళ్ళు ఎమర్జెన్సీకి మోసుకొచ్చారు. అంతవరకూ ఆ వార్డులో రోజూ ఉండే వ్యవహారమే. ఆ వెనకే చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చిన తల్లి, గుమ్మం దగ్గర ఆగి, డాక్టరమ్మ ముఖం పోల్చుకుని, "మీరా తల్లీ? అయితే నా బిడ్డకేం భయం లేదు" అంది. పాతికేళ్ళ సర్వీసులో ఎన్నడూ ఆగని చెయ్యి ఆ మాటకి ఆగింది.

ఆగదూ మరి? ఆ తల్లి ఎవరో డాక్టరమ్మకూ తెలుసు. పంతొమ్మిదేళ్ళ కిందట ఇదే వార్డులో, ఇదే జబ్బుతో, ఈవిడ చేతుల్లోనే పోయిన దర్జీకి భార్య. చుట్టుపక్కల వాళ్ళు ఇప్పుడు ఆమెనే టైలరమ్మ అంటారు. మొగుడి మిషను మీద మొగుడి పనే చేసుకుంటూ పిల్లను చదివించుకుంది.

డాక్టరమ్మ సూదిని తిరిగి పళ్ళెంలో పెట్టేసింది. పక్కనున్న చిన్న డాక్టరు గాభరాగా చూశాడు. ఆవిడ పట్టించుకోకుండా మళ్ళీ మొదటికొచ్చింది.

ఈ వార్డులో ఒక పద్ధతి ఉంది. ఛాతీలో సూది గుచ్చే ముందు డాక్టరు రెండువైపులా స్టెతస్కోపుతో వినాలి. వేళ్ళతో తట్టి చూడాలి. ఏ పక్క గుచ్చబోతున్నారో ఆ పక్క అరచెయ్యి ఆనించి పైకి చెప్పాలి. అప్పుడు నర్సు రోగినే అడగాలి, నొప్పి ఏ పక్క అని. డాక్టరు చెయ్యీ రోగి చెయ్యీ ఒక్కచోట చేరితేనే సూదుల పళ్ళెం ముందుకు జరుగుతుంది. వైద్యం పుస్తకాల్లో ఇలా ఎక్కడా లేదు. పెద్ద డాక్టరమ్మ పట్టుబట్టి తెచ్చిన పద్ధతి. ఎంత హడావుడిలో ఉన్నా, ఎంత పెద్ద డిగ్రీ ఉన్నా సరే, దీన్ని దాటడానికి లేదు. కొత్తగా చేరిన డాక్టర్లు విసుక్కుని, చాటున ఆవిడకి 'ఏపక్కమ్మ' అని పేరు పెట్టారు. అది ఆవిడ చెవినీ పడింది. కోప్పడలేదు. తనకి అంతకంటే తగిన పేరు ఇంకోటి లేదని ఆవిడ ఉద్దేశం. అది ఎందుకు తగినదో తెలిసిన మనిషి ఆసుపత్రి మొత్తానికి ఒక్కరే, అక్కడే పళ్ళెం పట్టుకుని నిలబడ్డ హెడ్‌సిస్టర్.

పిల్ల కుడి పక్క ఊపిరి బాగానే ఆడుతోంది. ఎడమ పక్క కదలిక లేదు, చప్పుడు లేదు, తడితే ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. డాక్టరమ్మ అరచెయ్యి ఆనించి "ఎడమ" అంది. హెడ్‌సిస్టర్ వంగి, నొప్పి ఏ పక్కమ్మా అని అడిగింది. పంతులమ్మకి మాట రాలేదు. చెయ్యి ఎత్తి, తడుముకుంటూ తెచ్చి, డాక్టరమ్మ చేతి మీదే పెట్టింది. "అవును" అంది హెడ్‌సిస్టర్. ఇదంతా జరగడానికి అర నిమిషం కూడా పట్టలేదు. అర నిమిషం. దానికోసమే మనుషులు విసుక్కుంటారు.

సూది దిగింది. సుయ్యిమని గాలి తన్నుకొచ్చింది. ఊపిరితిత్తికి చిల్లి పడితే లోపలి గాలి బయటికొచ్చి ఛాతీలో చిక్కుకుంటుంది. పోయే దారి లేక ఊపిరితిత్తిని నలిపేస్తుంది. ఇంకా పెరిగితే గుండెను కూడా పక్కకి నెట్టేస్తుంది. సూది దానికి ఆ పూటకి దారి చూపిస్తుందంతే. అసలు పని గొట్టంది. చంక కింద మత్తిచ్చి, రెండు పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి, వేలు పోనిచ్చి దారి సరిచూసుకుని, మెల్లగా గొట్టం లోపలికి తోసింది డాక్టరమ్మ. రెండో కొసను మంచం కింద నీళ్ళ సీసాలో ముంచారు. సీసాలో బుడబుడమని బుడగలు లేచాయి. పిల్లని దగ్గమన్నారు. దగ్గింది. ఇంకొన్ని బుడగలు. పావుగంట తిరిగేసరికి పెదాలకి రంగొచ్చింది.

మాట రాగానే పంతులమ్మ అడిగిన మొదటి మాట, హాజరు పట్టీ ఎవరి దగ్గరుందని. సగం మందినే పిలిచానని, మిగతావాళ్ళకి ఆబ్సెంటు పడిపోతుందని ఆమె బాధ. చిన్న డాక్టరు నవ్వేశాడు. హెడ్‌సిస్టరూ నవ్వింది. డాక్టరమ్మకి మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ చూపు తలుపు వైపే ఉంది.

తల్లిని లోపలికి పిలిచారు. టైలరమ్మ కూతురి నుదురు తడిమి, గొట్టం చూసి, సీసా చూసి, ఒక్కసారి కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత డాక్టరమ్మను కిటికీ పక్కకి తీసుకెళ్ళి చెప్పడం మొదలుపెట్టింది. పిల్ల బడిలో పడిపోయిందని ఫోను రాగానే, కాసేపు పడుకోబెడతాం, మంచినీళ్ళు తాగిస్తాం అన్న బడివాళ్ళని అడ్డంగా కోప్పడి, నేరుగా ఇక్కడికే తీసుకెళ్ళమందట. చెప్పులు వెతుక్కోవడానికి పట్టే టైము కూడా ఎందుకని అలాగే వచ్చేసిందట. దారిలో అత్తగారికి ఫోను చేసిందట. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆవిడ తన ఫోను ఎత్తి, మనవరాలిని చూడ్డానికి వస్తానందట.

"ఈసారి ఆలస్యం చెయ్యలేదు డాక్టర్‌గారూ," అంది టైలరమ్మ. "ఆ రోజు మీరు చెప్పిన మాట నేనింతవరకూ మర్చిపోలేదు. కాస్త ముందు తెచ్చి ఉంటే దక్కేవాడమ్మా అన్నారు. ఆ మాటే ఇవాళ నా బిడ్డని కాపాడింది."

డాక్టరమ్మ జ్ఞాపకంలో వెతుక్కుంది. అలా అన్నానా? అనే ఉంటుంది. ఆ రోజు గురించి ఆవిడ వేల రాత్రులు తలుచుకుంది. వేసిన గాటు గుర్తుంది, గోడ గడియారం గుర్తుంది, మంచం కింద దొర్లిన దూదుండ కూడా గుర్తుంది. ఈ మాట మాత్రం గుర్తు లేదు.

టైలరమ్మ ఆపలేదు. ఎవరికీ చెప్పుకోని సంగతి, ఈ డాక్టరమ్మకైతే చెప్పుకోవచ్చు అనుకుందేమో. ఆ రోజు పొద్దున మొగుడు ఛాతీలో పట్టేసిందన్నాడు. పదింటికి ఒకాయన చొక్కా కోసం వస్తాడు, ఇంకా గుండీలు పట్టే కాజాలు రెండు మిగిలున్నాయి. గ్యాసై ఉంటుంది, వేడినీళ్ళు తాగి ఆ రెండు కాజాలూ కానిచ్చెయ్, ఆనక పోదాం అంది తను. అతను మళ్ళీ సూది అందుకున్నాడు. కుట్టాడు. అరగంట పట్టింది.

"అప్పటినుంచి నేను కాజా కుట్టలేదండీ. మిగతావన్నీ నేనే కుడతాను. కాజాలు మటుకు వెనక వీధిలో ఒకావిడకి ఇచ్చి కుట్టించుకుంటాను. చూపు ఆనదని చెబుతాను అందరికీ. సూదిలో దారం ఎక్కించుకునే కళ్ళకి కాజా కనపడదా?" అని చిన్నగా నవ్వింది.

ఆ నవ్వు చూడలేకపోయింది డాక్టరమ్మ. ఇన్నేళ్ళూ తను ఒక ప్రాణం పోగొట్టాననే అనుకుంది. దానికే కుమిలిపోయింది. ఆ పక్కనే ఇంకో మనిషిని కూడా కూలదోసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశానని ఇవాళ తెలిసింది.

ఇంతలో చిన్న డాక్టరు వచ్చి, తండ్రికీ ఇదే జబ్బని విన్నాను, పాత కాగితాలేమైనా ఉన్నాయా, కొన్ని కుటుంబాల్లో ఇది వరసగా వస్తుంది అని అడిగాడు. ఉన్నాయంది టైలరమ్మ. ఫోను రాగానే బీరువాలోంచి లాక్కొచ్చిన సంచిలోంచి పెద్ద ఖాకీరంగు కవరు తీసింది. మూలలు అరిగి, మూతికి కుట్టుదారం చుట్టి ఉంది. ఎక్స్‌రే అంది. ఆయన చొక్కా, గడియారంతో పాటు ఆ రోజు చేతిలో పెట్టారంది.

చిన్న డాక్టరు చెయ్యి చాపాడు. డాక్టరమ్మ చెయ్యి అతనికన్నా ముందు వెళ్ళింది. "నేను చూస్తాను," అని కవరు తీసుకుని, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

వెనకే హెడ్‌సిస్టర్ వచ్చింది. డాక్టరమ్మ కవరు బల్ల మీద పెట్టింది. ఈ ఎక్స్‌రే ఫిల్మ్ ఆ రోజే మాయమై ఉంటుందని ఆవిడ నమ్మకం. దర్జీ పోయిన సాయంత్రం హెడ్‌సిస్టర్‌తో, అప్పటికింకా మామూలు సిస్టరే, "ఆ ఫిల్మ్ సంగతి చూడండి" అని ఒక్క మాటంది. ఏం చూడాలో చెప్పలేదు. చెప్పకపోయినా ఇద్దరికీ అర్థమైంది.

"చింపడానికి నా చేతులు రాలేదు మేడం," అంది హెడ్‌సిస్టర్. "ఆయన సామానుతో కలిపి ఆమెకే ఇచ్చేశాను. ఎప్పుడైనా ఎవరైనా చూస్తారులే అనుకున్నాను. ఎవరూ చూడలేదు."

డాక్టరమ్మ దారం విప్పింది. ఫిల్మ్ బల్ల మీద పరిచింది. అదే. ఆ రోజు రోడ్డు మీద బస్సు బోల్తాపడి వార్డు కిటకిటలాడుతోంది. ఫిల్మ్ ఇంకా తడారలేదు. ఎవరో లైటు పెట్టెకి తగిలించి పోయారు, వెనకది ముందుకి వచ్చేలా. ఏ పక్కో చెప్పే అక్షరం మూలన క్లిప్పు కింద దాక్కుంది. గాలి ఎడమన చేరి గుండెను కుడి వైపు తోసింది. తిరగేసి చూస్తే ఆ గుండె ఉండాల్సిన చోటే ఉన్నట్టు కనిపించింది. చెడిందల్లా కుడి పక్కే అనిపించింది. అనుమానమే రాలేదు. ఆవిడ ఫిల్మ్‌ని చూసింది. మనిషిని చూడలేదు. స్టెతస్కోపు మెడలోనే వేలాడుతోంది. మంచిగా ఉన్న కుడి ఊపిరితిత్తి పక్కన గాటు పెట్టి, దాన్నీ ముడిచేసింది. సిస్టర్ ఫిల్మ్‌ని చూసి "మేడం, ఇది తిరగబడింది" అనేటప్పటికి అంతా అయిపోయింది. కాగితాల మీద రెండు ఊపిరితిత్తులూ చెడ్డాయని రాశారు. అది అబద్ధం కూడా కాదు. అప్పటికి రెండూ చెడ్డాయి.

బల్ల సొరుగు సగం తెరిచే ఉంది. కవరు అందులో పడేసి, అవసరం లేదులెండి అని బయటికెళ్ళి చెబితే చాలు. చిన్న డాక్టరు మళ్ళీ అడగడు. టైలరమ్మ అసలే అడగదు. ఈ డాక్టరమ్మ మీద ఆమెకంత గురి. డాక్టరమ్మ సొరుగు వంక చూసిన మాట నిజం. ఒకటి రెండు నిమిషాలు చూసింది. ఆవిడని ఆపింది న్యాయమో ధర్మమో కాదు. వెనక వీధిలో ఎవరో కుడుతున్న కాజాలు. సొరుగు మోకాలితో మూసేసి, ఫిల్మ్ పట్టుకుని లేచింది. సిస్టర్‌ని కూడా రమ్మందా అంటే అనలేదు. సిస్టరే వచ్చింది.

పిల్ల మత్తుగా నిద్రపోతోంది. టైలరమ్మ మంచాన్ని ఆనుకుని కూర్చుని సీసాలో బుడగల్ని లెక్కపెడుతున్నట్టుంది. డాక్టరమ్మ ఆమెను కిటికీ దగ్గరకి రమ్మని, ఫిల్మ్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంది.

"మీరు ఆలస్యం చెయ్యలేదమ్మా," అంది. "ఆయన తన కాళ్ళ మీద నడుచుకుంటూ వచ్చారు. మాట్లాడుతూ వచ్చారు. ఆ అరగంట వల్ల ఏమీ కాలేదు. సరిగ్గా చేసుంటే బతికేవారు. నేను సరిగ్గా చెయ్యలేదు."

టైలరమ్మ అర్థం కానట్టు చూసింది. డాక్టరమ్మ ఫిల్మ్‌ని తిప్పి, ఆ రోజు ఎలా తగిలించారో అలా పట్టుకుంది. మళ్ళీ తిప్పి, ఎలా ఉండాలో అలా పట్టుకుంది. ఏ పక్క గుచ్చాలో చెప్పింది, ఏ పక్క గుచ్చానో చెప్పింది. నంగిగా చెప్పలేదు, మెలికలు పెట్టలేదు. డాక్టర్లు వాడే పెద్ద మాట ఒక్కటీ వాడలేదు. చివరిదాకా చెప్పింది.

టైలరమ్మ ఆ ఫిల్మ్ మీద వేలు ఆనించింది. పంతొమ్మిదేళ్ళు బీరువాలో బట్టల కింద దాచుకున్నది.

"ఆయన చెప్పలేదా, ఏ పక్కన నొప్పో?" అని అడిగింది.

ఇదొక్కటీ అడగకుండా ఉంటే బాగుండునని డాక్టరమ్మ లోలోపల మొక్కుకుంటూనే ఉంది. "చెప్పారు," అంది. "ఎడమ పక్క చెయ్యి పెట్టి, ఇటమ్మా ఇటు అన్నారు. కదలకండి అని నేనే ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాను. సూది పోట్లతో గరుకుగా ఉంది ఆ వేలు. అది ఇంకా నా చేతికి తగులుతూనే ఉంటుంది."

టైలరమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కిటికీ ఊచ పట్టుకుంది. "తప్పు జరిగింది. జరుగుతుంది. నేనూ తప్పు కత్తిరించిన గుడ్డలున్నాయి. మరి నాతో ఆ మాటెందుకన్నారు?"

"ఏమైందని మీరు అడుగుతున్నారు. నేను అక్కణ్ణించి వెళ్ళిపోవాలి. నోటికొచ్చింది అనేశాను. అన్నానని కూడా మర్చిపోయాను."

"మర్చిపోయారా," అంది టైలరమ్మ. ఆ మాటలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. ఫిల్మ్‌ని డాక్టరమ్మ చేతిలోంచి తీసుకుంది. కవర్లో పెట్టబోయి, మనసు మార్చుకుని, మళ్ళీ ఆవిడ చేతికే ఇచ్చింది. "నా పక్కన ఆ రోజు ఇంకొకావిడ నిలబడి ఉంది. అదీ మీకు గుర్తుండదు. మా అత్తగారు. మీ మాట నాకంటే ముందు ఆవిడకి వినపడింది. నా కొడుకుని పొట్టన పెట్టుకున్నావంది. ఆ రోజు మొదలు నేనిచ్చిన మంచినీళ్ళు ముట్టలేదు. నా గడప తొక్కలేదు. ఈ పిల్ల నాన్నమ్మ ఎలా ఉంటుందో ఫొటోలో చూసి పెరిగింది."

వరండాలో చేతికర్ర చప్పుడు వినిపించింది. టక్కు, టక్కు. మెల్లగా దగ్గరికొస్తోంది. టైలరమ్మ ముఖంలో రంగు మారింది. అయినా గొంతు నెమ్మదిగానే ఉంది.

"నాకు చెప్పారు, సరే. ఇప్పుడు ఆవిడకి చెప్పండి. నేను పక్కన నిలబడతాను. నోరు విప్పను."

తలుపు తెరుచుకుంది. ఎనభై ఏళ్ళు పైబడ్డ ముసలావిడ, నడుం వంగినా చూపు నిటారుగానే ఉంది. మంచం మీది మనవరాలిని చూసి ఒక్క క్షణం ఆగింది. కోడలు అక్కడే ఉన్నా, లేనట్టే ఆమె పక్కనుంచి నడిచింది. తిన్నగా కిటికీ దగ్గరకొచ్చి, డాక్టరమ్మ ముఖంలోకి తేరిపార చూసి, కర్ర చంకన పెట్టుకుని, ఫిల్మ్ పట్టుకున్న ఆ చేతిని రెండు చేతులతోనూ పట్టుకుంది.

"నువ్వే కదూ తల్లీ," అంది, "ఆ రోజు దీని ముఖం మీదే నిజం చెప్పిన డాక్టరమ్మవి."